రేవు సాక్షి

ఎదుర్లంక రేవులో నాది సైకిల్ షాపు.
షాపంటే ఒక తాటాకు చూరు, నీళ్ల తొట్టి,
గాలి పంపు, గరుకు కాగితం, సొల్యూషను డబ్బా.
చదివింది అయిదు. సంతకం మాత్రం తిన్నగా పెడతాను.
అందుకే ఎక్సైజు వాళ్లకి నేనంటే మోజు.

నిషేధం నడుస్తున్న రోజులు.
అవతల యానాం, ఇవతల మనం,
మధ్యలో ఏ చట్టమూ చదువుకోని గౌతమి.
పంటులో అక్కడ ఎక్కితే సరుకు,
ఇక్కడ దిగితే నేరం.
నడిమి నీళ్లలో దాన్నేమంటారని
సరంగు లోవరాజు ఎస్సైని అడిగేశాడోసారి.
"రవాణా" అన్నాడాయన బెల్టు సర్దుకుంటూ.
"మరి కడుపులో పోసుకుని దిగేవోడో?"
ఆయన నవ్వలేదు. పుస్తకం చూసి చెబుతానన్నాడు.
ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు కాబోలు.

ఎన్ని చూశాను!
ముచ్చిక తీసి, నీళ్లు పారబోసి, నింపి,
మళ్లీ మైనం అంటించిన బొండాలు.
పులసల గంపలో ఐసు కింద పడుకున్న క్వార్టర్లు.
పెళ్లిమేళం వాడి డోలు, మోగనిది.
అన్నిటికీ ఒకటే వాక్యం, రైటరు గారు గొణుగుతూ రాసేది:
"మా సమక్షమున తనిఖీ చేయగా, సదరు ఆసామీ వద్ద..."
కింద నేను, టీ కొట్టు అబ్బులు.
ఆ కాగితాల్లో మమ్మల్ని పెద్దమనుషులన్నారు.
ఇంకెక్కడా అనలేదు.

భాద్రపదం, ముసురు.
ఆఖరి పంటులో నూకరత్నం దిగింది.
గోచీకట్టు చీర, మోకాలి దాకా బురద,
నడుము మనిషికి మించిన లావు.
నాకు తెలుసు ఈ మనిషి.
సారా పాకని చీపుళ్లతో, కారం పొట్లాలతో
కూలగొట్టిన నాడు ముందు వరసలో ఉన్నది.
ఆ రోజూ నేను సాక్షినే,
ఎవరూ సంతకం అడగలేదు, అంతే.

ఆడ హోంగార్డు గోనెపరదా వెనక్కి తీసుకెళ్లి
తెచ్చి బల్ల మీద వేసింది:
సైకిల్ ట్యూబు, రెండు కొసలూ నులకతాడుతో బిగించినది.
కప్పని మింగిన పాములా ఒకసారి కదిలి ఊరుకుంది.

నడుమ ఎర్ర ప్యాచీ.
నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి,
గరుకు కాగితం రెండుసార్లు పట్టించి...
ఈ చుట్టుపక్కల అలా కత్తిరించేవాణ్ణి నేనొక్కణ్ణే.
పాత ట్యూబులు రూపాయికొకటి అమ్మాను,
క్యారేజీకి గంపలు కట్టుకుంటామంటే.
ఎవరినీ గుచ్చి అడగలేదు.
అడిగితే అమ్మకూడదు కదా.

కొలిచారు. లీటరున్నరకి కొంచెం తక్కువ.
ఒక్క చుక్క కారలేదు, పాడు ప్యాచీ.
సిగ్గు కలగాల్సిన చోట
ముందు కలిగింది అదీ: ఎంత గట్టి పని చేశాన్రా అని.

"ఎవరిచ్చారు ట్యూబు?"
నూకరత్నం నా వంక చూడలేదు.
ఏటి వంక చూసి "కొట్టుకొచ్చింది" అంది.
"తాగేదెవరు?"
"తాగేవోడు తాగే పోయాడు బాబూ.
ఇప్పుడున్నోళ్లు తినేవోళ్లు, నలుగురు."

రైటరు గారు కలం విదిలించారు.
కలిగి ఉండుట ఒకటి, రవాణా ఒకటి,
ఒక్క ట్యూబుకి రెండు.
సమకూర్చినవారు అన్నచోట గీత గీసి వదిలేశారు.
కాగితం నా ముందుకొచ్చింది.
తిన్నగా పెట్టే సంతకం ఆ పూట వాలింది,
చూరు కారి రెండో అక్షరం అలికింది.
ఆయన చూసి, పర్లేదన్నారు.

తర్వాత నిషేధం ఎత్తేశారు. వంతెన వచ్చింది, రేవు పోయింది.
ఇప్పుడు వంతెన కొసన బైకులాపి డిక్కీలు తెరుస్తారు.
ఎన్ని సీసాలైతే తప్పు కాదో
ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది.
ట్యూబుల్లేని టైర్లొచ్చి నా చేతికి పని తగ్గింది.
ఎప్పుడైనా ఎవరో పాతది తెస్తే
ప్యాచీ వేసి తొట్టిలో ముంచి చూస్తాను.
ఒక్క బుడగా లేవకపోతే
నీళ్లలోంచి చెయ్యి తియ్యబుద్ధి కాదు.